ఊరి తరఫున ఊపిరి

గొర్లివలస పురపాలక సంఘం ఊరందరి తరఫున ఊపిరి పీల్చే బాధ్యతను ఆ ఏడాది వేసవి నుంచి సన్నాయి పైడయ్యకు అప్పగించింది. చైత్రం మొదటి వారంలో మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ప్రమాణం చేయించారు. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో ఊళ్లో ఉన్నది ఒకే జత ఊపిరితిత్తులు. మిగతా జనం పీల్చేదీ వదిలేదీ వాళ్ల సొంత వ్యవహారం.

అంతకుముందు ఈ పని గాలిని కొలిచే ఒక యంత్రం చేసేది. ఎండ ముదిరితే ఊరికి తూర్పున ఉన్న మూడు గొట్టాల ఫ్యాక్టరీ పొగ పైకి పోదు. సముద్రపు గాలి దాన్ని ఊరి మీదికి తోస్తుంది, ఎండ దాన్ని ఉడకబెడుతుంది. మధ్యాహ్నానికల్లా అది పసుపుపచ్చగా వీధుల్లోకి దిగి, చుట్టంలా ఇళ్లలోకి వచ్చి కూర్చుంటుంది. కళ్లు మండుతాయి. గొంతు గరగరలాడుతుంది. పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. మునిసిపల్ మేడ మీది యంత్రం ఈ సంగతిని దాచుకోవడం చేతగాక అంకెల్లో చూపించేది. అంకెలు తగ్గాలని దాని చుట్టూ రోజూ ట్యాంకరుతో నీళ్లు చల్లించారు. ఊళ్లో తాగడానికి బిందెడు నీళ్లు లేని రోజుల్లో కూడా దానికి మాత్రం జలకాలాటలు తప్పలేదు. అయినా దానికి బుద్ధి రాలేదు. సంజాయిషీ అడిగితే జవాబివ్వలేదు. చివరికి క్రమశిక్షణ చర్య కింద దాన్ని కొండల మీది అతిథి గృహానికి బదిలీ చేశారు. అక్కడ దాని ప్రవర్తన చాలా మెరుగుపడిందని కబురు వచ్చింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. గొర్లివలసలో పొగ ఎవరిదో అందరికీ తెలుసు, నిప్పు ఎవరిదో మాత్రం ఏ ఆఫీసుకూ తెలియదు. అందువల్ల కమిషనర్ తారకేశ్వరరావు గారు నిప్పు జోలికి పోకుండా ఊపిరి జోలికి వచ్చారు. ఒక ప్రారంభోత్సవంలో పైడయ్య సన్నాయి విన్నారాయన. పైడయ్య ఒక్క స్వరం పట్టుకుంటే, ముక్కుతో గాలి తీసుకుంటూ, బుగ్గల్లో నిలవ చేసిన గాలిని సన్నాయి కొసనున్న పీకలోకి వదులుతూ, ఎదుటివాళ్ల కాఫీ చల్లారిపోయేదాకా దాన్ని తెగనివ్వడు. ఇలాంటి ఊపిరితిత్తులు ఊళ్లో ఉండగా గాలి బాగాలేదని ఎవరంటారని కమిషనర్ గారు అక్కడికక్కడే నిర్ణయించారు.

పైడయ్యకు ఉద్యోగం మీద పెద్ద మోజు లేదు. వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్ల కాలం, మేళగాళ్లకు నాలుగు డబ్బులు కనిపించే కాలం. అతను ఒప్పుకున్నది కూతురి కోసం. ఎనిమిదేళ్ల పూర్ణకు ఎండాకాలం వస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే నిద్ర రాదు. భార్య రవణమ్మ మళ్లీ నీళ్లోసుకుని ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఎనిమిదేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తెల్లారేదాకా వీపు నిమురుతూ ఉండేది.

"బాబూ, నాను ఊరందరికీ పీలిత్తే అది నా గుంటకి కూడా వత్తాదేటి?" అని పైడయ్య ప్రమాణానికి ముందు అడిగాడు.

"ఊరందరిలో మీ అమ్మాయి లేదా పైడయ్యా?" అన్నారు కమిషనర్ గారు.

పైడయ్య నమ్మాడు. సన్నాయి ఊదేవాడికి ఊపిరి అంటే ఇంకొకరి చెవికి అందేది. ఒకడు పీల్చిన గాలి వేయిమందికి చేరడం అతను రోజూ చూస్తున్నదే. ఆ పొరపాటు అతను తప్ప ఇంకెవరూ చెయ్యరు.

ప్రతినిధి ఊపిరితిత్తులు పాడైతే ఊరి ఆరోగ్యం పాడైనట్టే కాబట్టి అతన్ని మునిసిపల్ మేడ మీద అద్దాల గదిలో ఉంచారు. ఏసీ పెట్టారు. గాలి వడపోసే యంత్రాలు, కుండీల్లో తులసి పెట్టారు. వేసవి అయ్యేదాకా ఇంటికి పోకూడదన్నారు, ఇల్లు గొట్టాల పక్క వీధిలో ఉంది కనక. పైడయ్య అందులో కూర్చుని పొద్దునా సాయంత్రం సన్నాయి సాధన చేసేవాడు. అద్దాల్లోంచి స్వరం బయటికి వచ్చేది. గాలి వచ్చేది కాదు.

ప్రమాణం జరిగిన మర్నాటి నుంచి ఊరి ఆసుపత్రిలో ఎవరికి ఎక్స్‌రే తీసినా పైడయ్య ఛాతీయే పడసాగింది. బీడీ కార్మికుడికి తీసినా, బడిపిల్లకు తీసినా, ఎనభై ఏళ్ల ముసలమ్మకు తీసినా అవే ఊపిరితిత్తులు, కడిగిన పళ్లెంలా శుభ్రంగా. ఎక్స్‌రే తీసే కుర్రాడు మొదటి రోజు యంత్రం చెడిందనుకున్నాడు. రెండో రోజుకు అలవాటు పడ్డాడు. తరవాత ఎలాగూ అదే పడుతున్నప్పుడు కరెంటు దండగని ముందే కొన్ని తీసి పెట్టుకుని, వచ్చినవాళ్ల పేరు అంటించి ఇవ్వడం మొదలుపెట్టాడు. జనం కూడా వరుసలో నిలబడి, దగ్గుతూ, తమ ఊపిరితిత్తులు బాగున్నట్టు తెలుసుకుని, దగ్గుతూ ఇంటికి వెళ్లేవారు.

వైశాఖంలో ఒకరోజు పూర్ణ పెదాలు నీలంగా మారాయి. రవణమ్మ నిండు కడుపుతో పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి వచ్చింది.

"డాట్రమ్మా, దీనికి ఊపిరాడ్డం నేదమ్మా. మాటాడ్నేకపోతంది" అంది.

డాక్టరు సుభాషిణి చెడ్డమనిషి కాదు. పిల్లను చూసింది, ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చూసింది, మళ్లీ పిల్లను చూసింది.

"చాలా బాగుందమ్మా. ఇంత మంచి ఛాతీ పిల్లలకు ఉండదు. పక్కటెముకలు కూడా పెద్దవాళ్లకు ఉన్నట్టున్నాయి, వయసుకు మించిన ఎదుగుదల" అంది.

"మరి నీలవెక్కిపోతందేటమ్మా?"

"ఫిల్మ్ బాగుంటే ఆక్సిజన్ రాయడానికి నాకు వీల్లేదు. భయం వల్ల అలా అవుతుంది. భయపెట్టకండి."

రవణమ్మ భయపెట్టలేదు. ఫిల్మ్ పట్టుకుని, పిల్లను ఎత్తుకుని, తిన్నగా మునిసిపల్ మేడ ఎక్కింది. అద్దానికి అటు పైడయ్య, ఇటు తల్లీ పిల్లా.

"ఇదిగో, ఇటు సూడు. ఈ పోటోలో గుంట నేదు" అంది.

పైడయ్య చూశాడు. ఎడమ వైపు ఒక పక్కటెముక మీద వంకరగా అతుక్కున్న గీత ఉంది. అది అతనికి తెలిసిన గీతే. ఒకప్పుడు పెళ్లిపందిరి కూలి మీద పడితే విరిగింది.

"ఇది నా ఎముకే. నాదే ఇది" అన్నాడు.

"నీదేనయ్యా. ఊరందరికీ నీదే ఇత్తన్నారు."

పూర్ణ తల్లి భుజం మీంచి చెయ్యి చాపి అద్దాన్ని ముట్టుకుంది. ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ అడిగింది: "నాన్నా, లోపల... సల్లగుంటాదేటి?"

అద్దాల గది తలుపుకు తాళం లేదు. మంచి గాలి వదిలేసి ఎవడైనా బయటికి పోతాడన్న అనుమానం ఏ అధికారికీ కలగలేదు. పైడయ్య సన్నాయి తీసుకుని, మెట్లు దిగి, బజారు మీదుగా తూర్పుకు నడిచి, మూడు గొట్టాల కిందికి వెళ్లి గోడ పక్కన కూర్చున్నాడు.

"ఏటి పైడన్నా, ఇక్కడెవుల్ది పెళ్లి?" అని కాపలా అతను నవ్వాడు.

"ఎవుల్దీ కాదురా. నా గుంట ఏటి పీలుత్తందో సూద్దావని వచ్చినాను" అన్నాడు పైడయ్య.

ఊదడం మొదలుపెట్టాడు. మామూలు మనిషి ఆ పొగలో ముక్కు మూసుకుంటాడు, తల తిప్పుకుంటాడు. సన్నాయి వాయించేవాడు స్వరం తెగకూడదంటే పీలుస్తూనే ఉండాలి. అతను పీల్చాడు. జన్మంతా నేర్చిన విద్యనంతా పెట్టి పీల్చాడు. కొలిమి పనివాళ్లు బయటికి వచ్చి విన్నారు. స్వరం మొదట్లో నిండుగా ఉంది, తరవాత జీర పుట్టింది. మధ్యాహ్నం అయ్యేసరికి అది సన్నాయి స్వరమో పూర్ణ ఆయాసమో తేల్చుకోవడం కష్టమైంది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రిలో ఫిల్ములన్నీ నల్లబడ్డాయి. కొత్తగా తీసినవే కాదు, పేర్లు అంటించి ఇచ్చేసినవి కూడా ఇళ్లలో గూట్లో పెట్టినచోటే నల్లబడ్డాయి. ఏటా చేయించుకునే పరీక్షకు వచ్చిన ఫ్యాక్టరీ మేనేజరు గారి ఫిల్ము నల్లబడింది. కమిషనర్ గారి భార్యది నల్లబడింది. డాక్టరు సుభాషిణి ఆ రోజు ఎవరినీ వెనక్కి పంపలేదు. ఉన్న ఆక్సిజన్ అంతా తెరిచింది, లేనిదానికి పక్క ఊరికి మనిషిని పంపింది. పూర్ణకు కిటికీ పక్క మంచం ఇచ్చారు, ముక్కుకు గొట్టం పెట్టారు. సాయంత్రానికి పెదాలకు రంగు తిరిగి వచ్చింది. ఎండాకాలం మొదలయ్యాక మొదటిసారి ఆ పిల్ల వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. రవణమ్మ పక్కన కూర్చుని, నిమరడానికి వీపు దొరక్క, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంది.

గొర్లివలస చరిత్రలో రోగులను రోగులని ఒప్పుకున్న రోజు అదొక్కటే. అందుకే దాన్ని అత్యవసర పరిస్థితి అన్నారు.

మర్నాడు పొద్దున్నే సమావేశం పెట్టారు. కొత్తగా చేరిన ఒక ఇంజనీరు, ఎండలు తగ్గేదాకా కొలిములు ఆపితే సరిపోతుంది కదా అన్నాడు. మేనేజరు గారు బాధగా తల ఊపి, "ఆపితే పనివాళ్లు ఏం తింటారండీ?" అన్నారు. పనివాళ్ల తిండి ఆయనకు ఇలాంటి సమావేశాల్లోనే గుర్తొస్తుంది, జీతాల రోజున గుర్తురాదు. ఇంజనీరుకు ఇంకో టీ ఇచ్చి కూర్చోబెట్టారు.

పైడయ్యను తీసెయ్యడం సులువే, విధి నిర్వహణలో పనికిరాకుండా పోయాడు కనక. అతని స్థానంలో ఎవరన్నదే ప్రశ్న. దానికి కమిషనర్ గారు కారుణ్య నియామకం నిబంధన తీశారు. పనిలో ఉండగా ఉద్యోగి అశక్తుడైతే ఆ కొలువు అతని మీద ఆధారపడిన వాళ్లకు ఇవ్వాలి. కూతురు ఆసుపత్రిలో ఉంది, పనికిరాదు. భార్య ఆ పొగలోనే కాపురం చేసింది, పనికిరాదు. ఇక మిగిలింది భార్య కడుపులో ఉన్న బిడ్డ. ఆ ఊపిరితిత్తులు ఇంతవరకు గొర్లివలస గాలి ఒక్క గుక్క కూడా ఎరగవు. ఇంతకంటే అర్హత ఎవరికుంటుందని సభ్యులంతా సంతోషించారు.

రవణమ్మ మొదట ఒప్పుకోలేదు. "పుట్టనోడికి ఉజ్జోగవేటి బాబూ?" అంది.

"కుటుంబం కొలువులో ఉంటేనే పాప మంచం నిలుస్తుందమ్మా. ఆలోచించుకో" అన్నారు కమిషనర్ గారు.

ఆలోచించుకోవడానికి ఏముంది? కిటికీ పక్క మంచం మీద పూర్ణ నిద్రపోతోంది. రవణమ్మ సరే అంది. దండ కడుపు మీద వేశారు. ప్రమాణం కడుపు దగ్గర వంగి చదివారు. లోపలి నుంచి బిడ్డ రెండుసార్లు తన్నింది. దాన్ని అంగీకారంగా నమోదు చేశారు.

ఆ పూటే ఫిల్ములు మళ్లీ మారాయి. ఈసారి ఎవరికి తీసినా రెండు చిన్న ఊపిరితిత్తులు, విచ్చని మొగ్గల్లా ముడుచుకుని కనిపించాయి. మచ్చ లేదు, మసి లేదు, గాలి కూడా లేదు. డాక్టరు సుభాషిణి చాలాసేపు చూసి, చూసినది చూసినట్టు రాసింది: ఈ వ్యక్తికి శ్వాస ఇంకా మొదలు కాలేదు. ఊళ్లో అందరికీ అదే రాయవలసి వచ్చింది. ఊపిరే మొదలుకాని వాళ్లకు ఊపిరి జబ్బు ఉండే అవకాశం లేదు కాబట్టి వార్డు ఖాళీ చేయించారు.

పూర్ణ ముక్కు నుంచి గొట్టం తీస్తుంటే రవణమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"మంచం ఉంటాదన్నారు కదా!"

"మంచం ఉందమ్మా, ఎక్కడికీ పోలేదు. కానీ ఇంకా పుట్టని పిల్లకు ఆక్సిజన్ ఎలా పెడతాం? తల్లి నుంచే అందాలి" అంది నర్సు. కసిరి చెప్పలేదు, ఓపికగానే చెప్పింది. ఈ దేశంలో పీక నొక్కేవాళ్లందరూ ఓపికగానే మాట్లాడతారు.

పిల్లను ఇంటికి తీసుకుపోయారు. సాయంత్రం పూర్ణ తండ్రిని సన్నాయి వాయించమంది. పైడయ్య పీక నోట్లో పెట్టుకున్నాడు. గాలి వెళ్లింది కానీ స్వరం రాలేదు, గొట్టంలో ఇసుక జారినట్టు చప్పుడు వచ్చింది.

"ఊదడం... మర్సిపోనావేటి నాన్నా?" అని పూర్ణ నవ్వింది.

మర్నాడు పొగ దిగే వేళకు, తల్లి ఒళ్లో కూర్చునే, పూర్ణ చనిపోయింది.

పైడయ్య మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి కూతురు పోయిందని రాయమన్నాడు. గుమస్తా అతన్ని కూర్చోమని, మంచినీళ్లిచ్చి, కంప్యూటరులో చూశాడు.

"పాప ఇంకా పుట్టలేదు కదా పైడయ్యా" అన్నాడు.

"ఎనిమిదేళ్లు పెంచినాను బాబూ. ఈ సేతుల్తో మట్టిలో పెట్టి వస్తన్నాను."

"పుట్టని వాళ్లకు మరణం రాయడానికి వీల్లేదు. ఆసుపత్రి కాగితం ఇలా ఉంటే నేనేం చెయ్యను?"

పైడయ్య సంచిలోంచి కూతురి జనన ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టాడు. గుమస్తా దాన్ని గౌరవంగానే చదివి, "ఇది పాతది. ఫిల్మ్ నిన్నటిది" అన్నాడు.

అప్పుడు పైడయ్య అరిచాడు. "మా పొగ మాకే పెట్టి, మా ఊపిరి మా కాడ లాక్కుని, సచ్చిపోనామని సెప్పుకోడానికి కూడా నేకుండా సేసినార్రా! మీకు పిల్లల్నేరేటి? మీ పిల్లలు పీల్చరేటి?" అన్నాడు. సగంలో దగ్గు వచ్చింది. దగ్గు ఆగేలోపు గుమస్తా తరవాతి మనిషిని పిలిచాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, ఈ ఆఫీసు బతకా బతకనివ్వదు, చావా చావనివ్వదు. గుమస్తాకు కూడా ఇంట్లో ఆయాసపడే తల్లి ఉంది. ఆమె కూడా ఇంకా పుట్టలేదు.

జ్యేష్ఠంలో రవణమ్మకు నెలలు నిండాయి. నొప్పులు రాలేదు. ఆషాఢం వచ్చింది, నాలుగు చినుకులు పడ్డాయి, పొగ కాస్త కడిగినట్టయింది. అప్పుడూ రాలేదు. డాక్టరు సుభాషిణి చెయ్యి వేసి చూసి, బిడ్డ బాగానే ఉంది, వచ్చే ఉద్దేశం ఉన్నట్టు లేదు అంది. ఈ సంగతి నీళ్ల కుళాయి దగ్గర మిగతా చూలింతలకు తెలిసింది. వాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. ఒకరి తరవాత ఒకరికి నెలలు నిండాయి, ఒకరికీ నొప్పులు రాలేదు. కాన్పుల వార్డుకు తాళం వేశారు. వీధుల్లో పెద్ద పెద్ద కడుపులతో ఆడవాళ్లు ముక్కులకు చెంగులు కట్టుకుని, నింపాదిగా కూరలు బేరమాడుతూ తిరిగేవారు. ఆ ఏడాది గొర్లివలసలో ఒక్కరూ పుట్టలేదు, ఒక్కరూ చావలేదు. శ్మశానంలో మట్టి దిబ్బలు మాత్రం పెరిగాయి. వాటిని ఏ ఆఫీసూ ఏమీ అనలేదు.

మళ్లీ చైత్రం వచ్చింది. ప్రతినిధి పదవి పొడిగించడానికి కమిషనర్ గారు దండ పట్టుకుని, పళ్లు పట్టుకుని స్వయంగా గొట్టాల పక్క వీధికి వచ్చారు. పైడయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. లేచి దారివ్వలేదు. ఆయనే పక్కగా ఒదిగి లోపలికి వెళ్లారు. గోడకు సన్నాయి వేలాడుతోంది, దాని మీద వేలితో పేరు రాయగలిగినంత మసి ఉంది.

"ఎలా ఉన్నాడమ్మా మనవాడు?" అన్నారు కమిషనర్ గారు.

"బాగున్నాడు బాబూ. ఇప్పుడు నొప్పులు వస్తన్నాయి, ఆడే రానంటన్నాడు" అంది రవణమ్మ. "బయటెలాగున్నాదని అడుగుతన్నాడు."

"బాగుందని చెప్పమ్మా."

"నాను సెప్పనేను. ఆ గుంటని ఒళ్లో ఎట్టుకున్న సేతుల్తో ఈడికి అబద్దం సెప్పనేను. మీరే సెప్పండి."

కమిషనర్ గారు సర్దుకుని, కడుపు దగ్గరికి వంగారు. బయట పొగ దిగే వేళయింది. గుమ్మంలోంచి అది పసుపుపచ్చగా లోపలికి వచ్చి, మంచం కిందికీ, పళ్ల బుట్ట మీదికీ సర్దుకుంది. ఆయన గాలి బాగుందని చెప్పడానికి నోరు తెరిచారు, మాట రాలేదు, దగ్గు వచ్చింది. ఒకసారి కాదు. మోకాళ్ల మీద పడి, కళ్లు ఎర్రబడి, కొనఊపిరితో ఉన్నవాడిలా దగ్గారు. గుమ్మంలోంచి పైడయ్య కూడా అదే శ్రుతిలో దగ్గాడు. ఇద్దరి దగ్గూ కడుపులో బిడ్డ చివరిదాకా విన్నది.

ఆయన తేరుకుని రుమాలుతో మూతి తుడుచుకున్నాక, లోపలి నుంచి రెండు తన్నులు పడ్డాయి. వెంట వచ్చిన గుమస్తా దాన్ని అంగీకారంగా నమోదు చేశాడు.